అద్దె ఇంటి తాళం: ఖర్చు ఎవరిది, చెవి ఎవరిది?

ఈమధ్య మా బంధువుల అమ్మాయి ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి కొండాపూర్‌లో ఒక ఫ్లాటు అద్దెకు తీసుకుంటూ, సంతకం చేసేముందు ఒకసారి చూసిపెట్టమని అగ్రిమెంటు కాగితాలు నాకు పంపింది. రెండు నెలల అడ్వాన్సు, ఖాళీ చేసేటప్పుడు పెయింటింగు కింద పట్టుకునే ఒక నెల అద్దె, రెండు నెలల ముందు చెప్పాలన్న నిబంధన, ఇవన్నీ హైదరాబాదులో ఎక్కడైనా కనిపించేవే కాబట్టి వాటి గురించి నేనేమీ అనలేదు. ఒక్క షరతు దగ్గర మాత్రం ఆగిపోయాను. తలుపుల తాళాలు, గొళ్ళాలు, కుళాయిలు, స్విచ్చులు ఏవి పాడైనా అద్దెకున్నవారే సొంత ఖర్చుతో బాగుచేయించుకోవాలని, తాళం మార్చిన పక్షంలో ఒక చెవి తప్పనిసరిగా యజమానికి అప్పగించాలని అందులో రాసి ఉంది.

ఆ అమ్మాయికి ఇందులో అభ్యంతరకరమైనదేమీ కనిపించలేదు. "కుళాయి పాడైతే మనమే వేయించుకుంటాం కదా బాబాయ్, తాళం కూడా అంతే కదా" అంది. చాలామంది అనుకునేదే ఆమె కూడా అంది. నాకు అలా అనిపించడం లేదు. తాళంలో చెవి దూరి తిరిగే భాగాన్ని, అంటే సిలిండరును, మార్చడానికయ్యే వెయ్యి, పదిహేను వందల రూపాయలు ఎవరినీ ముంచవు, తేల్చవు. కానీ ఆ ఖర్చు ఎవరిమీద వేస్తామన్నదాన్ని బట్టే కొత్తగా దిగినవాళ్ళు పాత తాళంతో సరిపెట్టుకుంటారా, కొత్తది వేయించుకుంటారా అన్నది తేలుతోంది. ఇల్లు ఒకరి చేతిలోనుంచి మరొకరి చేతిలోకి మారిన ప్రతిసారీ ముఖద్వారం తాళం మార్చే ఖర్చు యజమానే పెట్టుకోవాలని నా అభిప్రాయం. ఆ తర్వాత వచ్చే మరమ్మతులకు మాత్రం తాళం ఎందుకు పాడైందో చూసి, దాన్ని బట్టి ఖర్చు పంచుకోవాలి.

ఈ మాట ఒకవైపు నిలబడి అంటున్నది కాదు. ఉద్యోగం కోసం నేను కూకట్‌పల్లిలో అద్దెకుంటున్నాను. వనస్థలిపురంలో మా నాన్నగారు కట్టిన ఇంట్లో పై పోర్షన్ అద్దెకిస్తున్నాం. నెలనెలా అద్దె కట్టే చేత్తోనే అద్దె తీసుకుంటున్నాను కాబట్టి రెండువైపుల వాదనలూ ఇంట్లోనే వినబడుతుంటాయి.

గొళ్ళెం ఇంటివారిది, కప్ప మనది

ఒకప్పుడు ఈ తగాదాకు చోటే లేదు. మా చిన్నతనంలో మేం అద్దెకున్న ఇళ్ళన్నిటికీ తలుపు బయట ఒక గొళ్ళెం, దానికి వేసుకునే తాళం కప్ప ఉండేవి. గొళ్ళెం ఇంటివాళ్ళది, కప్ప అద్దెకున్నవాళ్ళది. ఇల్లు మారేటప్పుడు మంచాలు, బిందెలతోపాటు ఆ కప్ప కూడా బండెక్కేది. కొత్త ఇంటికి చేరగానే అదే కప్ప కొత్త గొళ్ళానికి పడేది. అలీగఢ్ నుంచి వచ్చిన ఇత్తడి కప్ప అయినా, కాస్త డబ్బు పెట్టి కొన్న గోద్రెజ్ నవ్‌తాళ్ అయినా దాని చెవులన్నీ మన దగ్గరే ఉండేవి. ఒకటి మా అమ్మ కొంగుకు, ఇంకొకటి నాన్నగారి జేబులో. ఇంటివారి దగ్గర మన ఇంటి చెవి ఉండాలన్న ఆలోచనే ఎవరికీ వచ్చినట్లు లేదు. తాళం పాడైతే కొత్త కప్ప కొనుక్కునేవాళ్ళం. ఆ ఖర్చు మాదేనన్న విషయంలో ఎవరికీ సందేహం ఉండేది కాదు, ఎందుకంటే వస్తువూ మాదే, దాన్ని ఎప్పుడు మార్చాలన్న నిర్ణయమూ మాదే.

అపార్టుమెంట్లు వచ్చాక తాళం తలుపులోకి వెళ్ళిపోయింది. నైట్ లాచ్ అయితే తలుపు లోపలివైపు బిగిస్తారు. మోర్టైజ్ లాక్ అయితే తలుపు చెక్క అంచును తొలిచి పెట్టెను లోపల కూర్చోబెట్టి పైన హ్యాండిల్ పలక వేస్తారు. అక్కడితో తాళం ఇంటితోపాటు వచ్చే వస్తువైంది. అద్దెకున్నవారు దాన్ని ఊడదీసి వెంట తీసుకుపోలేరు. దాని చెవులు ఎన్ని ఉన్నాయో, ఎవరెవరి దగ్గర ఉన్నాయో వారికి తెలియదు. బిల్డరు ఇచ్చిన గుత్తిలోని చెవుల్లో ఒకటి వాచ్‌మన్ దగ్గర, ఒకటి యజమాని బావమరిది దగ్గర, ఒకటి మూడేళ్ళ కిందట ఖాళీ చేసినవాళ్ళ సామాన్లలో ఎక్కడో ఉండవచ్చు. వస్తువు యజమానిదైంది, చెవులమీద పెత్తనమూ ఆయనదైంది. ఖర్చు మాత్రం కప్పల కాలపు అలవాటు ప్రకారం అద్దెకున్నవారి దగ్గరే ఉండిపోయింది. నా అభ్యంతరమంతా ఇక్కడే ఉంది. తాళం తలుపులోకి వెళ్ళినప్పుడు ఖర్చు కూడా దానితోపాటు యజమాని ఖాతాలోకి వెళ్ళవలసింది.

చట్టం చెబుతున్నది

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్ 2న ఆమోదించిన నమూనా అద్దె చట్టంలో మరమ్మతులు ఎవరెవరివో చెప్పే జాబితా ఒకటి రెండో షెడ్యూలులో ఉంది. కట్టడానికి సంబంధించిన మరమ్మతులు, గోడలకు సున్నం, తలుపులకూ కిటికీలకూ రంగులు, నీటి పైపులు మార్చడం, విద్యుత్ వైరింగు యజమాని పనులు. కుళాయిలు, వాటి వాషర్లు, కాలువలు శుభ్రం చేయించడం, స్విచ్చులు, గీజరు, కిటికీ అద్దాలు, దోమల జాలీలు అద్దెదారు పనులు. తలుపులు, అల్మారాలు, కిటికీల పిడులూ తాళాలూ మార్చడం కూడా ఈ రెండో జాబితాలోనే ఉంది. కొండాపూర్ అగ్రిమెంటు రాసినవారు ఈ షెడ్యూలు చూసి రాశారో, అలవాటుకొద్దీ రాశారో నాకు తెలియదుగానీ, ఖర్చు విషయంలో వారి షరతుకు దీని మద్దతు ఉన్నట్లే కనిపిస్తుంది.

అయితే అదే జాబితా రంగుల సంగతి కూడా చెబుతోంది. రంగులు వేయించడం యజమాని పని అని స్పష్టంగా రాసి ఉన్నా, మన ఊళ్ళో ఖాళీ చేసేవారి అడ్వాన్సులోనుంచి ఒక నెల అద్దె పెయింటింగు పేరిట పట్టుకోవడం మామూలైపోయింది. కాబట్టి తాళాల దగ్గరకు వచ్చేసరికి మాత్రం నమూనా చట్టాన్ని ప్రమాణంగా చూపించేవారు, రంగుల దగ్గర కూడా అదే ప్రమాణానికి కట్టుబడాలి. ఇంకో సంగతి నన్ను ఎక్కువగా బాధిస్తుంది. కొత్తవాళ్ళు దిగేముందు గోడమీద పాతవాళ్ళ పిల్లలు గీసిన గీతలు కనబడకుండా ఇల్లంతా రంగు వేయిస్తాం. పాతవాళ్ళ చెవితో తెరుచుకునే తాళాన్ని మాత్రం అలాగే ఉంచేస్తాం. గోడ కంటికి కనిపిస్తుంది, ఇల్లు చూడటానికి వచ్చినవారిని ఆకర్షిస్తుంది. తాళం లోపలి పిన్నులు ఎవరికీ కనిపించవు.

నమూనా చట్టం పేరుకు తగ్గట్టు నమూనాయే. రాష్ట్రాలు స్వీకరించి తమ చట్టం చేసుకుంటే తప్ప అది ఎవరినీ కట్టిపడేయదు. తెలంగాణలో ఇప్పటికీ 1960 నాటి అద్దె నియంత్రణ చట్టమే ఉంది. నగరపాలక సంస్థల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు అది వర్తించదు కాబట్టి, హైదరాబాదులో మనం మాట్లాడుకునే ఇళ్ళలో అత్యధికం దాని పరిధిలోకే రావు. వాటికి మిగిలేది 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమూ, మనం రాసుకున్న అగ్రిమెంటూ.

ఆ పాత చట్టం 108వ సెక్షను నాకు కొత్త నమూనా కంటే సూటిగా ఆలోచించినట్లు అనిపిస్తుంది. అద్దెదారు ఇంటిని తాను తీసుకున్నప్పటి స్థితిలోనే తిరిగి అప్పగించాలి, కానీ మామూలు వాడకంవల్ల వచ్చే అరుగుదలకు బాధ్యుడు కాడు అని అందులో ఉంది. యజమాని చేయించవలసిన మరమ్మతును నోటీసు ఇచ్చిన తర్వాత కూడా తగిన సమయంలో చేయించకపోతే, అద్దెదారు తానే చేయించుకుని ఆ ఖర్చును వడ్డీతో సహా అద్దెలోనుంచి మినహాయించుకోవచ్చని కూడా ఉంది. ఇక్కడ ఒక చిక్కుంది. అది యజమాని చేయించవలసిన మరమ్మతై ఉండాలి. ఏది ఆయన చేయించవలసినదో ఆ చట్టం జాబితా కట్టలేదు, అగ్రిమెంటుకు వదిలేసింది. అందుకే అగ్రిమెంటులోని ఒక్క పంక్తికి అంత బరువు. సంతకం పెట్టేముందు ఆ పంక్తిని మార్పించుకోకపోతే తర్వాత ఈ సెక్షన్లేవీ ఆ అమ్మాయిని ఆదుకోలేవు.

ఇల్లు చేతులు మారినప్పుడు

అమెరికాలో టెక్సాస్ రాష్ట్రపు చట్టంలో దీనికి సూటి సమాధానం ఉంది. పాతవారు ఖాళీ చేసి కొత్తవారు దిగిన ఏడు రోజుల్లోగా, పాత చెవులు పనిచేయకుండా యజమాని తన ఖర్చుతో తాళాలను మార్పించాలి. ఆ తర్వాత మధ్యలో ఎప్పుడైనా మళ్ళీ మార్చమని అద్దెదారు కోరితే ఆ ఖర్చు అద్దెదారుది. డాలస్ చుట్టుపక్కల ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో ఊళ్ళలో ఉన్న తెలుగు కుటుంబాల్లో అద్దె ఇళ్ళలో ఉండి వచ్చినవారు ఎందరో ఈ నియమపు నీడలో బతికినవారే. వారిలో చాలామందికి నిజాంపేటలోనో మణికొండలోనో అద్దెకిచ్చిన ఫ్లాట్లు కూడా ఉన్నాయి.

మా పిన్ని కొడుకు అలాంటివాడే. ఇర్వింగ్‌లో అద్దెకున్నప్పుడు తాళం మార్చి ఇచ్చారా అని అడిగితే, అది అడిగే సంగతే కాదు, దిగేసరికే మార్చి ఉంచారని చెప్పాడు. మరి నిజాంపేట ఫ్లాటులో ఇప్పటికి ముగ్గురు మారారు, నువ్వు ఎప్పుడైనా మార్పించావా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈసారి మార్పిస్తానన్నయ్యా, దీని గురించి నేనెప్పుడూ ఆలోచించనే లేదు" అన్నాడు. ఆ ఫ్లాటు వ్యవహారాలు ఇక్కడ చూసేది అతని బావమరిది. ఆయనకు ఈ సంగతి చెబితే, "వాళ్ళు అడగనప్పుడు మనకెందుకండీ, ఒకరికి చేస్తే అందరూ అడుగుతారు" అన్నాడు. ఆయన చెడ్డవాడేమీ కాదు. లిఫ్టు చెడినా మోటారు చెడినా వెంటనే వచ్చి నిలబడే మనిషి. మన దగ్గర ఇది ఒక బాధ్యత అని ఎవరూ అనుకోకపోవడమే అసలు కారణం. అనుకోవడానికి ఎక్కడా రాసి లేదు.

పాతవాళ్ళందరూ దొంగలా అని నన్ను అడిగినవారున్నారు. కానే కారు. మన ఇళ్ళలో జరిగే దొంగతనాల్లో పాత చెవులతో జరిగేవి ఎన్నో నేను చెప్పలేను, చెప్పవలసిన అవసరమూ లేదు. పాతవాళ్ళు ఎంత మంచివాళ్ళైనా, వారి చెవి వారి దగ్గరే ఆగిపోదు. పనమ్మాయికి ఒకటి ఇచ్చి ఉంటారు, ఇస్త్రీ అబ్బాయి వచ్చినప్పుడు ఎదురింటివారికి ఇచ్చి ఉంటారు, రోడ్డు పక్కన మారు చెవి చేయించినప్పుడు సరిగ్గా తిరగలేదని పక్కన పడేసిన చెవి ఒకటి ఉండి ఉంటుంది. మామూలు చెవికి నకలు తీయించడానికి పట్టేది పది నిమిషాలు. యజమానికి తిరిగి వచ్చిన చెవుల లెక్క ఆయన ఇచ్చిన చెవుల లెక్కతో సరిపోయినా, బయట ఎన్ని తిరుగుతున్నాయో ఆ లెక్క చెప్పదు. ముగ్గురు ఆడపిల్లలు కొత్త ఊళ్ళో రాత్రి పూట తలుపు వేసుకుని పడుకునేటప్పుడు వారికి కావలసింది తమకు తెలియని చెవి ఏదీ లేదన్న భరోసా. ఆ భరోసా ఇవ్వగలిగేది కొత్త సిలిండరు ఒక్కటే.

పైగా పని పెద్దదేమీ కాదు. ఇప్పటి తలుపుల్లో ఎక్కువగా వస్తున్న మోర్టైజ్ తాళాల్లో మొత్తం తాళం మార్చనవసరం లేదు. తలుపు అంచున గడియ నాలుక కింద ఒక పొడవాటి స్క్రూ ఉంటుంది. దాన్ని విప్పి, చెవి పెట్టి కొద్దిగా తిప్పితే సిలిండరు జారి బయటకు వస్తుంది. 60 మిల్లీమీటర్లదో 70 మిల్లీమీటర్లదో కొలత చూసుకుని కొత్తది తెచ్చి అదే చోట తోసి స్క్రూ బిగించడమే. హార్డ్‌వేర్ దుకాణంలో వెయ్యి రూపాయల అటూఇటూలో మంచిదే దొరుకుతుంది. ఇల్లు ఖాళీగా ఉన్న రోజుల్లో రంగులవాళ్ళతోపాటు ఈ పని కూడా అయిపోతుంది. మా పై పోర్షన్‌కు నైట్ లాచ్ ఉండేది. దాన్ని పూర్తిగా మార్చడానికి ఎక్కువ ఖర్చయింది కాబట్టి, ఆ తర్వాత సిలిండరు ఒక్కటీ మార్చుకునే వీలున్న తాళం పెట్టించాం. ఖర్చు తనదే అయినప్పుడు యజమాని ఇలాంటి ముందుచూపు చూపిస్తాడన్నది కూడా నా వాదనకు ఒక బలం. ఖర్చు ఎదుటివాడిదైతే బిల్డరు వేసిన నాసిరకం తాళాన్ని ఏళ్ళ తరబడి మార్చవలసిన అవసరం ఆయనకు కనిపించదు.

తలుపు దిగితే ఆ పాపం తాళానిదా

మధ్యలో వచ్చే మరమ్మతుల సంగతి ఇంత సులువుగా తేలదు. మా అపార్టుమెంటులో ఎదురింటి పెద్దవారు, రిటైరైన దంపతులు, ఒక వానాకాలం సాయంత్రం కూరగాయలతో తిరిగివచ్చి తలుపు తీయబోతే చెవి సగానికి విరిగి లోపలే ఉండిపోయింది. తాళాలు బాగుచేసే ఆయన్ను పిలిపించాం. ఆయన పని మొదలుపెట్టేముందు ఇల్లు వీరిదేనా అని వాచ్‌మన్‌ను అడిగి, నన్ను అడిగి, ఆ తర్వాతే సంచీ తెరిచాడు. ఆ జాగ్రత్త చూసి నాకు ఆయనమీద గౌరవం కలిగింది. సన్నటి కొక్కెంతో విరిగిన ముక్కను బయటకు లాగి, కొత్త చెవి చేసి ఇచ్చి, తలుపును రెండుసార్లు వేసి తీసి చూసి ఇలా అన్నాడు: "తాళంలో ఏం లేదు సార్. దర్వాజ దిగింది. గడియ పోయి పట్టీకి తగులుతున్నది, అందుకే చెవిమీద జోరు పడుతున్నది. ఇది సక్కగ చేయకుంటే మళ్ళా ఇరుగుతది."

ఇంటి యజమానికి ఫోన్ చేస్తే తాళం ఖర్చు అగ్రిమెంటు ప్రకారం మీదేనన్నాడు. ఆ పెద్దాయన మారుమాట లేకుండా ఇచ్చేశారు. కానీ విరిగిన చెవికి కారణం తాళం కాదు, వాడినవారూ కాదు. బందుల స్క్రూలు వదులై బరువైన తలుపు కిందికి దిగడం, వానలకు చెక్క ఉబ్బడం. అది తలుపుకు, ద్వారబంధానికి సంబంధించిన లోపం, యజమాని చేయించవలసిన పని. కార్పెంటరు వచ్చి బందులు బిగించి గడియ పట్టీని కాస్త కిందికి జరిపాడు. ఆ తర్వాత చెవి వేలితో తిరిగింది. తాళాలన్నీ అద్దెదారువే అని ఒక్క మాటలో రాసేసిన అగ్రిమెంటు ఈ తేడాను చూడలేదు. వాడుకలో తాళం పాడైందని మనం చెప్పుకునే వాటిలో చాలాభాగం ఇలాంటివే. చెవి గట్టిగా తిరుగుతోందని కొబ్బరినూనె పోస్తాం. దానికి దుమ్ము పట్టి లోపలి పిన్నులు ఇంకా బిగుసుకుంటాయి. పెన్సిల్ ముల్లు పొడి వేస్తే సరిపోయేదానికి చివరకు తాళమే మారుతుంది.

ఇక్కడ యజమానుల మాట కూడా వినాలి. పదేళ్ళనాటి తాళం అరిగిందా, మొరటుగా తిప్పి పాడుచేశారా అన్నది ఎవరు తేలుస్తారు? ఇంట్లో ఉన్నది వాళ్ళు, చూడనిది మేము, ప్రతిదీ అరుగుదలే అంటే మేమెలా కాదనగలం అని మా అమ్మే నన్ను అడిగింది. ఆమె ప్రశ్నకు కారణం లేకపోలేదు. పై పోర్షన్‌లో ఉన్నవారి నాలుగేళ్ళ బాబు ఒక మధ్యాహ్నం పడకగదిలోకి వెళ్ళి గుండ్రటి పిడి బొత్తాన్ని నొక్కి లోపలినుంచి తాళం వేసేసుకున్నాడు. వాడి ఏడుపు వీధిలోకి వినిపించింది. చెవి ఎక్కడుందో ఎవరికీ తెలియలేదు. వాళ్ళ నాన్న పిడిని సుత్తితో పగలగొట్టి బిడ్డను బయటకు తెచ్చాడు. మర్నాడు ఆయనే వచ్చి కొత్తది వేయిస్తామన్నాడు. మా అమ్మ సరేనంది. నాకు మాత్రం అది పూర్తిగా వాళ్ళ ఖర్చేనా అన్న సందేహం ఇప్పటికీ తీరలేదు. తాళం వేసుకున్నది వాళ్ళ బాబే, పగలగొట్టింది వాళ్ళే. కానీ పిల్లలున్న ఇంటికి అద్దెకిస్తూ, బయటనుంచి నాణెంతోనో సన్నటి కడ్డీతోనో తీయడానికి వీలున్న పిడి పెట్టించకపోవడం, లోపలి గదుల చెవులు గుత్తిలో ఇవ్వకపోవడం ఇంటి వైపు లోపాలు. ఆ సందర్భంలో సగం సగం పంచుకోవడం సబబని నేను చెప్పాను. అమ్మ ఒప్పుకుంది, సంతోషంగా కాకపోయినా.

అనుమానమున్న చోట ఖర్చు ఎవరు భరించాలన్న ప్రశ్నకు నా సమాధానం: యజమాని. కారణం దయ కాదు. తాళం ఆయన ఆస్తి, అద్దెదారు వెళ్ళిపోయాక కూడా ఆయన తలుపులోనే ఉంటుంది. చెవి పోగొట్టుకున్నా, కింద పడేసుకున్నా, తలుపు పగలగొట్టినా ఆ విషయం కనబడుతుంది, ఎవరూ దాచలేరు. ఆ ఖర్చు అద్దెదారు పెట్టుకోవలసిందే. అర్ధరాత్రి చెవి లోపల పెట్టి తలుపు లాగేసుకుని తాళాలాయన్ను పిలిస్తే, ఆయన రాత్రి వేళకు అడిగే ఎక్కువ డబ్బు కూడా అద్దెదారుదే. వీటిలో నేను అద్దెదారుకు ఏ మినహాయింపూ అడగను. వీటిలో ఏదీ జరగకుండా తాళం మొరాయించినప్పుడు దాన్ని అరుగుదలగా చూడటమే న్యాయం, 1882 చట్టం చెప్పిన మామూలు అరుగుదల సూత్రానికి కూడా అదే దగ్గర.

యజమాని దగ్గర ఉండే ఆ ఒక్క చెవి

కొండాపూర్ షరతులో రెండో సగం నన్ను మొదటి సగం కంటే ఎక్కువ ఆలోచింపజేసింది. తాళం డబ్బు పెట్టి మార్చుకున్నా ఒక చెవి యజమానికి ఇవ్వాలట. దీనికి చెప్పే కారణాలు తేలిగ్గా కొట్టిపారేసేవి కావు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు కుళాయి తెరిచి ఉండిపోయి నీళ్ళు కింది ఫ్లాటులోకి దిగుతుంటే ఏం చేయాలి? గ్యాస్ వాసన వస్తే? ఒంటరిగా ఉన్న పెద్దవారు లోపల పడిపోతే? తలుపు పగలగొట్టడం కంటే చెవి ఉండటం మేలు కాదా?

మేలే. కానీ ఆ చెవి వేరే పనులకు కూడా వాడబడుతుంది. నాకు బాగా తెలిసిన ఒక కుటుంబం సంక్రాంతికి ఊరు వెళ్ళి వచ్చేసరికి వాళ్ళ దేవుడి గది తలుపు తెరిచి ఉంది, నేలమీద చెప్పుల గుర్తులున్నాయి. ఖాళీ చేస్తామని అప్పటికే చెప్పి ఉండటంతో, ఇల్లు చూడటానికి వచ్చినవారికి యజమాని తరఫు మనిషి తన దగ్గరున్న చెవితో తలుపు తీసి అన్ని గదులూ చూపించాడు. ఒక్క వస్తువూ పోలేదు. అడిగితే, "మీరు లేరు కదా, మీకు ఇబ్బంది ఎందుకని" అన్నాడట. ఆ ఇంటి ఇల్లాలు ఆ రోజునుంచి బయటకు వెళ్ళేటప్పుడు గొళ్ళానికి తన సొంత కప్ప కూడా వేయడం మొదలుపెట్టింది. యజమాని ఇంట్లోకి రావాలంటే కనీసం 24 గంటల ముందు తెలియజేయాలని, సూర్యోదయానికి ముందూ సూర్యాస్తమయం తర్వాతా రాకూడదని నమూనా చట్టం చెబుతోంది. మంచి నియమమే. కానీ చెవి ఎవరి దగ్గర ఉండాలో చెప్పకుండా వచ్చే వేళలు మాత్రం చెబితే, ఆ నియమం చెవి ఉన్నవారి మర్యాదమీదే ఆధారపడుతుంది.

మా ఇంట్లో మేం చేస్తున్నది ఒకటి చెబుతాను. పై పోర్షన్ చెవి ఒకటి కవరులో పెట్టి, అతికించిన చోట అద్దెకున్నవారితో అడ్డంగా సంతకం చేయించి బీరువాలో ఉంచుతాం. తెరవవలసి వస్తే ముందు ఫోన్ చేస్తాం, తెరిచామని చెబుతాం. ఖాళీ చేసేరోజు ఆ కవరు వాళ్ళే చూసుకుంటారు. ఇష్టం లేనివారు ఆ చెవిని తమకు నమ్మకమున్న ఇంకెవరి దగ్గరైనా పెట్టుకుని, వారి ఫోన్ నంబరు మాకు ఇవ్వవచ్చు. ఇందులో మాకు పోయిందేమీ లేదు. ఖర్చు మేం పెట్టినా చెవిమీద నిర్ణయం వారికే వదిలేశామని, అప్పుడు ఖర్చుకూ పెత్తనానికీ లంకె పెట్టిన మీ వాదన ఏమైందని ఒక మిత్రుడు అడిగాడు. నా లెక్క ప్రకారం ఖర్చు పెట్టడం చెవి ఉంచుకునే హక్కును కొనదు. అద్దె తీసుకున్ననాళ్ళు ఆ ఇంట్లో ప్రశాంతంగా ఉండనివ్వడం యజమాని బాధ్యత, తాళం ఆ బాధ్యతలో భాగం. నేను ఒప్పుకోలేనిది ఒక్కటే: డబ్బూ అద్దెదారే పెట్టాలి, చెవీ అద్దెదారే ఇచ్చేయాలి అనడం.

ఇప్పటికిప్పుడు చేయగలిగినది

యజమాని ససేమిరా అంటే అద్దెదారు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. అద్దెదారు ఇంటికి బిగించుకున్న వస్తువులను, ఇంటిని మొదటి స్థితిలో వదిలేట్టయితే, వెళ్ళేటప్పుడు తీసుకుపోవచ్చని అదే 108వ సెక్షను చెబుతోంది. కాబట్టి యజమానికి ముందుగా ఒక మెసేజీ పెట్టి, పాత సిలిండరును చెవులతోసహా భద్రంగా దాచి, సొంత సిలిండరు వేసుకుని, ఖాళీ చేసేటప్పుడు పాతది మళ్ళీ బిగించి ఇవ్వవచ్చు. కొత్త సిలిండరు మనతోపాటు తర్వాతి ఇంటికి వస్తుంది, తలుపు మందం సరిపోతే. ఆ అమ్మాయికి కూడా నేను ఇదే చెప్పాను. అయితే దీన్ని శాశ్వత పరిష్కారంగా చెప్పడానికి నా మనసు ఒప్పదు. తెలిసినవారు, స్క్రూడ్రైవరు పట్టగలిగినవారు బాగానే ఉంటారు. పాత బస్తీలో ఒక్క గది అద్దెకు తీసుకుని, యజమానితో మాట్లాడటానికే జంకే కుటుంబానికి ఈ సలహా దేనికీ పనికిరాదు. అలాంటివారి కోసమే నియమం కాగితంమీద ఉండాలి.

ఇప్పుడు గచ్చిబౌలి వైపు కొత్త అపార్టుమెంట్లలో వేలిముద్ర తాళాలు, అంకెలు నొక్కే తాళాలు వస్తున్నాయి. వాటిలో చేతులు మారినప్పుడు పాత అంకెలూ పాత వేలిముద్రలూ తుడిచేయడానికి పైసా ఖర్చు లేదు. కానీ మాస్టర్ కోడ్ యజమాని ఫోన్‌లోనే ఉండిపోతే, తలుపు ఎప్పుడు తెరిచారో ఎప్పుడు వేశారో కూడా ఆయనకు తెలిసిపోతుంది. ఆ తాళాల విషయంలో బ్యాటరీల ఖర్చు అద్దెదారుదని, కోడ్ అప్పగింత యజమాని బాధ్యతని ఇప్పుడే రాసుకోవడం మంచిది.

తెలంగాణ ఎప్పుడో ఒకప్పుడు 1960 చట్టాన్ని పక్కన పెట్టి కొత్త అద్దె చట్టం చేయవలసి ఉంటుంది. అప్పుడు నమూనాలోని షెడ్యూలును యథాతథంగా దించుకోకుండా, తాళాల పంక్తిని అక్కడినుంచి తీసి రెండుగా విడగొట్టాలని నా కోరిక. యజమాని జాబితాలో: ప్రతి కొత్త అద్దె మొదలయ్యేసరికి ముఖద్వారం తాళం సిలిండరును గానీ తాళాన్ని గానీ మార్చి చెవులన్నీ అప్పగించడం, అరుగుదలవల్ల, తలుపు లేదా ద్వారబంధం లోపంవల్ల పాడైన తాళాలను బాగుచేయించడం. అద్దెదారు జాబితాలో: చెవులు పోగొట్టుకోవడంవల్ల, తన వాడకంలోని తప్పువల్ల అవసరమైన మరమ్మతులు, తాళాలు తీసే మనిషికి ఇచ్చే కూలి, మధ్యలో తన ఇష్టంతో మార్పించుకునే తాళాలు. వీటి కింద ఇంకొక పంక్తి, అద్దెదారు రాతపూర్వకంగా ఒప్పుకుంటే తప్ప యజమాని మారు చెవి ఉంచుకోరాదని. వచ్చేనెల మా పై పోర్షన్ అగ్రిమెంటుకు పదకొండు నెలలు నిండుతాయి. కొత్త కాగితంలో ఈ పంక్తులన్నీ ఉంటాయి. మా అమ్మ చదివి, రాత్రి పూట వచ్చే తాళాలాయన కూలి ఎవరిదో విడిగా రాయమని చెప్పింది, అది కూడా చేర్చాను.